వైద్యమున పెట్టుబడి : ఒక పదవిమర్శ

వైద్యమును గూర్చిన చర్చలలో "లోభము", "పెట్టుబడి" అను రెండు పదములు నేడు పర్యాయములవలె వాడబడుచున్నవి. కార్పొరేటు ఆసుపత్రిని నిందించువారు మొదటి పదమును, ఆర్థికవ్యవస్థను నిందించువారు రెండవ పదమును పట్టుకొని, ఇరువురును ఒకే మాట చెప్పుచున్నామని తలంచుచున్నారు. లోభము అరిషడ్వర్గములలో నొకటి, అది వ్యక్తిదోషము. పెట్టుబడి ఒక యేర్పాటు. ఈ భేదమును పాటింపనిచో వాదము తెగదని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఉదాహరణము ఉత్తర తెలంగాణముననే కలదు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దానికి ముందటి ఐదేండ్ల కాన్పులలో సిజేరియన్ కోతతో జరిగినవి దేశమున నూటికి 21.5, తెలంగాణమున 60.7. కరీంనగర్ జిల్లాలో ఇవి నూటికి 82. గోదావరి కావల, పూర్వపు ఆదిలాబాదు జిల్లానుండి 2016లో వేఱుపడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 27. లోభమే కారణమన్నచో, నదికి దక్షిణమున వైద్యులు లోభులనియు, ఉత్తరమున విరాగులనియు చెప్పవలసివచ్చును. అది హాస్యాస్పదము. కరీంనగరు ప్రాంతమున కాన్పులు చేయు ప్రైవేటు దవాఖానాలలో పెక్కు చిన్న నర్సింగుహోములే యగుటచే, "కార్పొరేటు" అను విశేషణమును ఇచట చాలదు.

ఇక పెట్టుబడి. ఈ ప్రాంతపు రైతునకు పెట్టుబడి యనగా విత్తనము, ఎరువు, కూలి. పంట చెడిన యేట "పెట్టుబడి ఎల్లలేదు" అనును. 2018లో కరీంనగర్ జిల్లా హుజూరాబాదు ప్రాంతమున ప్రారంభమైన రైతుబంధు పథకమును ప్రభుత్వము పెట్టుబడి సహాయమనియే పేర్కొన్నది. ఈ అర్థమున పెట్టుబడి నింద్యము కాదు. పెట్టినది తిరిగి రావలెనని కోరుట న్యాయమే. "అప్పు తెచ్చి దవాఖానా కట్టిన వైద్యుని పెట్టుబడి ఎల్లవలదా?" అని సమర్థకులు అడుగుదురు. ప్రశ్న బలమైనదే. భవనము, యంత్రములు, జీతములు, వడ్డీ కల్పనలు కావు.

అయినను సామ్యము ఒకచోట చెడుచున్నది. రైతు ఎంత పెట్టినను చేను పండినంతయే పండును. వైద్యుడో, చికిత్సను అమ్ముటయే కాక, అది ఎంత కావలెనో కూడ తానే నిర్ణయించును. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు కెన్నెత్ ఆరో 1963లో వైద్యవిపణిని గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున ఎత్తిచూపిన విషయములలో ఈ జ్ఞానవైషమ్యము ముఖ్యమైనది. సంతలో బియ్యము కొనువాడు గింజను నోట వేసికొని చూడగలడు. నొప్పులు పడుచున్న స్త్రీ "బిడ్డకు ప్రమాదము" అను మాటను పరీక్షింపలేదు. సర్వోన్నత న్యాయస్థానము 1995లో రుసుము చెల్లించు రోగిని వినియోగదారునిగా గుర్తించి నష్టపరిహారమునకు మార్గము చూపినది. కాని ఎంచుకొను జ్ఞానమును ఏ తీర్పును ఈయజాలదు. సహజప్రసవము ఏ వేళ ముగియునో తెలియదు. రాత్రియంతయు ఒకరు కనిపెట్టుకొని యుండవలెను. కోత వేళకు లోబడును. దానికి రుసుమును హెచ్చు. ఇట్టి యేర్పాటులో లోభి కాని వైద్యుడును సందేహము కలిగినప్పుడు కోతవైపే మ్రొగ్గుట సంభవము.

ఇచట రెండాక్షేపములు రాగలవు. లాభాపేక్ష లేని సర్కారు దవాఖానాలలోను రాష్ట్రమున నూటికి 44.5 కోతలు జరిగినవి గదా యనునది మొదటిది. నిజమే. ముహూర్తము చూపించుకొని వచ్చు కుటుంబములు కలవు. నొప్పులకు భయపడువారు కలరు. తొలికాన్పు కోతయైనచో మలికాన్పును తఱచుగా కోతయే యగుచున్నది. కాని ప్రైవేటు దవాఖానాలలో ఈ సంఖ్య 81.5. నడుమనున్న 37 వంతుల అంతరమును ముహూర్తము వివరింపజాలదు. పంచాంగము రెండుచోట్ల నొక్కటే.

ఆసిఫాబాదు సంఖ్యయే ఆదర్శమా యనునది రెండవది. కాదు. జనసమూహమున కోతలు నూటికి 10 దాటిన పిదప, వాని పెరుగుదలకును తల్లీబిడ్డల మరణములు తగ్గుటకును సంబంధము కనిపించుట లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించినది. సంఖ్యను సాధించుటకంటె, అవసరమైన ప్రతి స్త్రీకి కోత అందించుట ముఖ్యమనియు అదే ప్రకటనలో చెప్పినది. కావున జిల్లా సగటు తక్కువగా నున్నదని, వానకాలమున వాగు దాటలేని గోండు, కొలాము స్త్రీకి న్యాయము జరిగినదనరాదు. పెట్టుబడి ఎల్లు చోటికే పోవును. ఒకచోటి ఆధిక్యమును, మఱొకచోటి కొఱతయు ఈ నియమమునకే ఫలములు.

కావున విమర్శ వైద్యుని శీలమును కాక, చికిత్సానిర్ణయమును రాబడికి కట్టిన ముడిని పట్టుకొనవలెను. సహజకాన్పునకును కోతకును ఒకే రుసుము నిర్ణయించుట, ప్రతి దవాఖానా తన కోతల సంఖ్యను ప్రకటించుట, కాన్పును కనిపెట్టుకొని యుండుటయే వృత్తిగా గల శిక్షిత మంత్రసానులను నియమించుట ఆ ముడిని సడలించు ఉపాయములు. వీనిలో చివరిదానికై తెలంగాణ ప్రభుత్వము 2017లో నర్సులకు శిక్షణ నారంభించినది. లోభమను పదమును నీతిబోధకులకు విడిచి, పెట్టుబడి యను పదమును దాని యర్థము చెడకుండ వాడుట తెలుగు విమర్శకు నేటి కర్తవ్యము.