నల్లరాయి నల్లగా పడాలంటే
కాకతీయ శిల్పాన్ని ఫోటో తీయడంలో నేర్పంతా నల్లరాతిని నల్లగా చూపడంలోనే ఉంది. కెమెరా మీటరు దేన్నైనా మధ్యస్థ బూడిదరంగుగానే లెక్కిస్తుంది. అందుకే 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి స్తంభాలు ఫోటోలో వెలిసిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గిస్తే నునుపుదేలిన రాతి నిగనిగ తిరిగివస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే చెక్కడం చదునైపోతుంది. 1213 నాటి రామప్ప గుడి మదనిక శిల్పాలకు పొద్దుటి ఏటవాలు ఎండే మేలు: మెడలోని హారాలు వరసవరసకూ నీడతో విడివడతాయి. మసక మండపంలో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు చాలు. ట్రైపాడ్ లేనప్పుడు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కుతారు. ఖిలా వరంగల్ తోరణం దగ్గర కెమెరాను పైకెత్తి వంచితే స్తంభాలు వెనక్కి వాలినట్లు పడతాయి. నాలుగడుగులు వెనక్కి నడిచి కెమెరాను సమంగా పట్టుకుంటే నిట్టనిలువుగా నిలుస్తాయి.