కర్త లేని వాక్యాలు

"అన్ని కోణాల్లో దర్యాప్తు జరుగుతోంది." "ఎంతటివాళ్ళయినా వదిలే ప్రసక్తే లేదు." "చట్టం తన పని తాను చేసుకుపోతుంది." ఇవి మనం టీవీలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విని చానెల్ మార్చేస్తాం. బిడ్డని పోగొట్టుకున్న ఇంట్లోవాళ్ళకి మాత్రం ప్రభుత్వం నుంచి వచ్చే జవాబులు ఇవే. అందుకే వీటిని ఒకసారి కథని చదివినంత శ్రద్ధగా చదివి చూద్దామనిపించింది.

మొదట కనిపించేది, వీటిలో మనుషులు లేకపోవడం. దర్యాప్తు దానంతటదే జరుగుతోంది. పని చేసేది చట్టం, ఫలానా అధికారి కాదు. రెండోది, తేదీ లేకపోవడం. 'జరుగుతోంది' అనే క్రియ పదేళ్ళ తర్వాత కూడా అబద్ధం కాదు. మా ఆఫీసులో టికెట్‌కి 'ఇన్ ప్రోగ్రెస్' అని పెట్టి ఊరుకుంటే మూడో రోజుకే "ఎవరి పేరు మీదుంది? ఎప్పటికవుతుంది?" అని అడుగుతారు. గుంటూరు మిర్చి యార్డులో కాటా అయ్యాక రైతుకిచ్చే చీటీలో కూడా తూకం, ధర ఉంటాయి.

తెనాలి అమ్మాయి కేసు తీసుకుందాం. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదని చట్టం, కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. ఫార్మసీ చదువుతున్న, ఇంకా టీనేజ్ దాటని పిల్ల. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో హత్యకి గురైంది. 2008లో పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేసి, కేసు తేలిపోయిందన్నారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. 'జరుగుతోంది' పోయి 'అయిపోయింది' వచ్చింది.

కానీ ఆ అమ్మాయి తల్లి మొదట్నుంచీ ఒకే మాట చెప్తూ వచ్చింది: ఇతను కాదు, అసలు వాళ్ళని పట్టుకోండి. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఈ కథలో అందరికంటే ముందు సరిగ్గా చదివింది ఆవిడే. ఆ చదువుకి ఫైల్లో చోటు దొరకలేదు. బాధితురాలి తల్లి అంటే ఓదార్చాల్సిన మనిషే తప్ప, వినాల్సిన మనిషి కాదన్నమాట.

2018 నవంబరులో హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. అప్పీలు పెండింగులో ఉండగానే ట్రయల్ కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాలు ధ్వంసమయ్యాయని కూడా బయటపడింది. చూశారా, 'ధ్వంసమయ్యాయి' అని నేనూ రాసేశాను. ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోడానికి తెలుగు ఎంత వీలుగా ఉందో! 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్టుమార్టం చేశారు. ఆ తల్లిదండ్రులు అది కూడా భరించారు.

దర్యాప్తులో గోప్యత అవసరమే, కాదనను. ఎవరిని అనుమానిస్తున్నారో ముందే చెప్తే కేసు పాడవుతుంది. కానీ ఏ అధికారి చూస్తున్నారు, ల్యాబ్ రిపోర్టు వచ్చిందా లేదా, మళ్ళీ ఎప్పుడు చెప్తారు అన్నవి రహస్యాలు కావు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుకో బాధితులకో 90 రోజుల్లోపు దర్యాప్తు పురోగతి చెప్పాలి. మంచిదే. కానీ "దర్యాప్తు కొనసాగుతోంది" అని ఒక మెసేజ్ పెట్టినా పురోగతి చెప్పినట్టే లెక్కేసుకోవచ్చు. నా భయం అదే.

లండన్లో 1993లో స్టీఫెన్ లారెన్స్ అనే పద్దెనిమిదేళ్ళ నల్లజాతి కుర్రాడి హత్య మీద 1999లో మెక్‌ఫర్సన్ నివేదిక వచ్చింది. తల్లిదండ్రులతో పోలీసులు వ్యవహరించిన తీరుని కూడా అది దర్యాప్తు వైఫల్యాల్లో ఒకటిగా లెక్కేసింది. మర్యాద లోపం అని సరిపెట్టలేదు. మన దగ్గర కూడా అలా చదవాలి.

కాబట్టి ఈసారి "దర్యాప్తు జరుగుతోంది" అని వినబడితే విలేఖరులూ, రాసేవాళ్ళం మనమూ కనీసం రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఎవరు చేస్తున్నారు? ఇంట్లోవాళ్ళు చెప్పింది ఎక్కడ రాసుకున్నారు? తెనాలిలో ఆ రెండో ప్రశ్న 2008లోనే గట్టిగా అడిగి ఉంటే ఒక కుర్రాడి ఎనిమిదేళ్ళు జైల్లో పోయేవి కావేమో.