హతురాలు లేని సమాసం: ‘పరువు హత్య’ కథనాల భాష

‘హత్య’ ఉత్తరపదంగా తెలుగులో వాడుకలో ఉన్న సమాసాలను ఒకచోట చేర్చి చూస్తే వాటిలో ఒక క్రమం కనబడుతుంది. శిశుహత్య, గోహత్య, బ్రహ్మహత్య, భ్రూణహత్య, స్త్రీహత్య: వీటన్నిటిలోనూ పూర్వపదం హతమైన ప్రాణిని చెబుతుంది. ఆత్మహత్యలోనూ అంతే. విగ్రహవాక్యం షష్ఠిలో కుదురుతుంది. ఈ వరుసలోకి ఇటీవలి దశాబ్దాలలో ఆంగ్ల పదబంధానికి అనువాదంగా వచ్చి చేరిన మిశ్రసమాసం ‘పరువు హత్య’. దీనిని వాడినవారు ‘పరువు కొరకు హత్య’ అని చతుర్థీ తత్పురుషగానే ఉద్దేశించి ఉంటారు. అందుకు ‘వరకట్న హత్య’ దారి చూపి ఉండవచ్చు. అయితే వరకట్నం 1961 నాటి చట్టం నిషేధించిన వ్యవహారం. ఆ సమాసంలో పూర్వపదమే ఒక నేరం పేరు. పరువు అటువంటిది కాదు. అది అందరూ కోరుకునే గుణం. హంతకుడు తన పనికి తాను చెప్పుకొనే కారణాన్ని భాష యథాతథంగా తీసుకుని, నేరానికి నామకరణం చేసింది.

చిక్కు అక్కడితో ఆగదు. శిశుహత్య, గోహత్య వంటి మాటలకు అలవాటుపడిన తెలుగు చెవి ‘పరువు హత్య’ను షష్ఠిలో కూడా వింటుంది: చచ్చింది పరువు. నుడికారం ఈ అర్థాన్ని బలపరుస్తుంది. ప్రాణం పోతుంది, పరువూ పోతుంది. ప్రాణం తీస్తారు, పరువూ తీస్తారు. రెండింటికీ క్రియలు ఒకటే. కూతురు తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకోవడం ‘పరువు తీయడం’ అయితే, మొదటి హత్య ఆమే చేసినట్లు, తండ్రి చేసింది ప్రతిక్రియ మాత్రమే అయినట్లు ధ్వనిస్తుంది. నిందితుల పక్షాన చెప్పదగిన వాదన మొత్తం రెండు పదాలలో ఇమిడిపోయింది. చంపబడిన స్త్రీకి ఆ సమాసంలో చోటు లేదు. (‘పరువు’కు పరుగు అనే అర్థం కూడా ఉంది, పరువులెత్తడం కావ్యభాషలో పరిచితమే. ఇల్లు విడిచి ప్రాణభయంతో పరుగెత్తిన అమ్మాయి పరువు గురించి ఈ సమాసం చెప్పడం లేదన్నది స్పష్టమే.)

2018 డిసెంబరులో మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగులో జరిగిన ఘటన ఈ భాషను పరీక్షించడానికి తగిన సందర్భం. అదే ఊరికి చెందిన వేరే కులం యువకుడిని పెళ్లి చేసుకుని, హైదరాబాదు నుంచి తిరిగివచ్చిన యువతిని తల్లిదండ్రులే అత్తవారింటి నుంచి లాక్కుపోయి చంపారని, దేహాన్ని కాల్చి బూడిదను నీటిలో కలిపారని పోలీసులు వెల్లడించారు. పరువు గంగలో కలిసిందని అనడం తెలుగునాట ఎవరికీ కొత్త కాదు. కలమడుగులో నీటిలో కలిసినది ఒక మనిషి బూడిద. జాతీయం ఒక్కసారిగా వాచ్యార్థంలోకి దిగిన ఇటువంటి చోట కూడా వార్తాభాష తన పరిభాషను సవరించుకోలేదు.

ఇటువంటి ఘటనల వార్తలలో మళ్లీ మళ్లీ కనిపించే పదజాలం పరిమితమైనదే. ‘కన్నకూతురు’, ‘కన్నపేగు’, ‘కడుపుకోత’ వంటి మాటలు పాఠకుని దృష్టిని కన్నవారి వైపు తిప్పుతాయి. చనిపోయినది కూతురిగానే మిగులుతుంది. చట్టబద్ధంగా పెళ్లాడినా భర్త చాలా శీర్షికల్లో ‘ప్రియుడు’గానే ఉంటాడు. ‘ప్రేమించిన పాపానికి’ అనే మాట సానుభూతితో రాసేవారి కలం నుంచే వస్తుంది, కాని పాపం అనే తీర్పును అది ముందుగానే ఒప్పుకుంటుంది. అన్నిటికంటే ఆలోచించవలసిన క్రియ ‘కడతేర్చు’. కడ అంటే ఒడ్డు, తుద. సంసారసాగరాన్ని దాటించమని భక్తులు దేవుణ్ని వేడుకున్న క్రియ ఇది. ‘కూతుర్ని కడతేర్చిన తండ్రి’ అన్న శీర్షికలో ఆ పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. తండ్రికి ఒక విషాదనాయకుని ఛాయ దొరకడంలో ఆ క్రియకు కూడా పాత్ర ఉంది.

తండ్రిని కేంద్రంలో నిలిపే ఈ ధోరణి వార్తలకే పరిమితం కాదు. 2018 సెప్టెంబరులో జరిగిన మిర్యాలగూడ హత్య ఆధారంగా రాంగోపాల్ వర్మ తీసిన ‘మర్డర్’ చిత్రం తొలి ప్రచారచిత్రం 2020లో పితృదినోత్సవం నాడు వెలువడింది. ఆ కేసులో హతుడు దళిత యువకుడు. బతికి ఉన్న భార్య ఆ చిత్రంపై నల్లగొండ కోర్టును ఆశ్రయించింది. తన కథ ఎవరు చెప్పాలన్న వివాదంలో ఆమె తన మాట తాను చెప్పగలిగింది. కలమడుగు యువతికి ఆ అవకాశం లేదు. స్త్రీ హతురాలైన కేసులకూ స్త్రీ బతికి బయటపడిన కేసులకూ మధ్య ఈ తేడాను విమర్శ తగినంతగా పట్టించుకోలేదు.

తెలంగాణ మౌఖిక సంప్రదాయంలో దీనికి చాలా దగ్గరగా నిలిచే కథ ఒకటుంది. బైండ్లవారు జమిడిక మీద చెప్పే ఎల్లమ్మ కథను బెల్లంపల్లి, మంచిర్యాల ప్రాంతపు పాఠకునికి పరిచయం చేయనక్కరలేదు. ఇసుకతో కుండ చేసి నీరు తెచ్చే రేణుక మనసు ఒక్క క్షణం చలించిందని జమదగ్ని ఆమె తల నరకమంటాడు. పెద్ద కొడుకులు కాదంటారు, శాపం పొందుతారు. పరశురాముడు గొడ్డలి ఎత్తుతాడు. మాతంగి ఇంట ఆశ్రయం పొందినా రేణుక తప్పించుకోలేదు. ఇద్దరి తలలూ తెగుతాయి. వరంతో బతికించేటప్పుడు తలలు మారతాయి. ఇంటి గౌరవం కోసం ఇంటివాళ్లే స్త్రీని చంపడం, ఆశ్రయమిచ్చిన కింది కులం స్త్రీ కూడా బలికావడం, కులం గీత చివరకు ఒకే దేహంలో చెరిగిపోవడం: మూడూ ఈ కథలో ఉన్నాయి. కథకులు దీనిని ‘పరువు హత్య’ అనరు. పండితులూ మాతృహత్య అంటారు. హతురాలు సమాసంలోనే ఉంటుంది.

అయితే ఎల్లమ్మ కథను న్యాయకథగా కీర్తించడం తొందరపాటు. చంపబడిన స్త్రీని దేవతగా నిలబెట్టడం పేరంటాలు కథలన్నిటా ఉన్నదే. పూజ దక్కింది, విచారణ జరగలేదు. ఆజ్ఞ ఇచ్చిన జమదగ్ని ఋషిగానే మిగిలాడు, గొడ్డలి పట్టిన కొడుకు అవతారపురుషుడయ్యాడు. కథలో శిక్ష పడింది ఒక్క పెద్ద కొడుకులకే, అదీ నిరాకరించినందుకు. విమర్శకులు పరశురాముని పితృభక్తి మీద, తలల మార్పిడి మీద చాలా శ్రద్ధ పెట్టారు గాని ఈ పెద్ద కొడుకుల దగ్గర ఆగినవారు తక్కువ. నేటి కేసుల దృష్ట్యా ఆగవలసింది అక్కడే.

న్యాయస్థానంలో తేలవలసిన విషయం చాలావరకు అటువంటివారి మీదే ఆధారపడుతుంది. సాధారణ హత్యకేసులో హతుని కుటుంబం ప్రాసిక్యూషన్ పక్షాన నిలుస్తుంది. ఇక్కడ హతురాలి కుటుంబమే నిందితుల కుటుంబం. చూసినవారు మేనమామలు, చిన్నమ్మలు, అన్నదమ్ములు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మిర్యాలగూడ కేసులో వర్తించింది. నల్లగొండ ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న రెండో నిందితునికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం విధించింది. కాని సొంత కులంవారి చేతిలో చనిపోయిన ఆధిపత్య కులపు లేదా వెనుకబడిన కులపు కూతురికి ఆ చట్టం రక్షణ లేదు. భారతీయ న్యాయ సంహిత 103(2) కులం వంటి కారణాలతో జరిగే హత్యను ప్రత్యేకంగా గుర్తించినా, నిందితులు అయిదుగురో అంతకంటే ఎక్కువమందో ఉండాలి. తల్లీ తండ్రీ కలిసి చేసిన హత్య ఆ లెక్కకు అందదు. లా కమిషన్ 2012లో 242వ నివేదికతో ముసాయిదా చట్టాన్నే ఇచ్చింది. శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 27న రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు, సత్వర విచారణ కోసం మార్గదర్శకాలు వేసింది. కలమడుగు ఘటన ఆ తీర్పు తరువాత తొమ్మిది నెలలకు జరిగింది.

2024 డిసెంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర తమ్ముడి చేతిలో చనిపోయిన స్త్రీ స్వయంగా పోలీసు కానిస్టేబుల్. ఆ కేసులో కులాంతర వివాహంతోపాటు భూమి తగాదా ప్రస్తావన కూడా పత్రికలలో వచ్చింది. అయినా శీర్షికకు ఎక్కిన మాట పరువే. ఆస్తి కారణాన్ని సైతం ఆ మాట తన కొంగున దాచుకోగలదు.

ప్రత్యామ్నాయంగా దళిత రచయితలు, కార్యకర్తలు ‘కులహత్య’ అంటున్నారు. కారణాన్ని అది సరిగానే పట్టుకుంది. అయితే అదే షష్ఠీ నియమంతో వింటే కులాన్ని చంపడం అనే అర్థం రావచ్చు. కులనిర్మూలన కోరినవారికి అభ్యంతరం ఉండకపోవచ్చుగాని, జరిగింది అది కాదు. కూతురి హత్య, చెల్లెలి హత్య, భార్య హత్య అన్న మామూలు మాటలు ఈ చిక్కులేవీ తేవు. హతురాలిని పూర్వపదంలోకి తిరిగి తెస్తాయి, చంపినవాడితో ఆమెకున్న బంధుత్వాన్ని దాచవు. పరిశోధకులు వార్తాకథనాలను, కథానికలను, చిత్రాలను విశ్లేషించేటప్పుడు ఈ పేర్లతో మొదలుపెడితే తరువాతి ప్రశ్నలు మారతాయి. తండ్రి ఎంత బాధపడ్డాడన్న ప్రశ్న వెనక్కి జరిగి, ఆ రాత్రి ఆ ఇంట్లో కాదన్నవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే తరువాత వాళ్లను ఎవరు ఏం చేశారు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఎల్లమ్మ కథలో ఆ కొడుకులు కాదన్న తరువాత మాట్లాడరు.