విదేశీ సాయం – ఖర్చుకు తగిన ఫలితం: ఒక విమర్శ

విదేశీ సాయంతో నడిచే పథకాలను పొదుపు, సామర్థ్యం, ఫలసాధకత అనే మూడు ప్రమాణాలతో అంచనా వేస్తారు. చిత్తూరు జిల్లా అనుభవంతో వీటిని పరిశీలిద్దాం.

1995లో నెదర్లాండ్స్ సాయంతో మొదలైన ఏపీవెల్ పథకం, చిత్తూరుతో సహా ఏడు కరవు జిల్లాల్లో సన్న, చిన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. బోరుకు ఎంత ఖర్చయిందో, ఎన్ని ఎకరాలు తడిసాయో చెప్పడం సులభం. ఆ నీరు ఎన్నేళ్లు నిలుస్తుందో ఆ లెక్కలో కనిపించదు.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు, ఎఫ్‌ఏఓ ద్వారా అవే జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పథకం వచ్చింది. ఇందులో రైతులకు నగదు, రాయితీలు లేవు. రైతులే వాననూ బావుల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక దీన్ని మెచ్చుకుంది.

అయితే ఆ మెప్పును యథాతథంగా అంగీకరించలేం. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. ఒకరు వరి మాని మిగిల్చిన నీటిని పక్క పొలం మోటారు తోడేయవచ్చు. మంచి వానలకు పెరిగిన నీటిమట్టాన్ని పథకం ఖాతాలో వేయడమూ తప్పే. కాబట్టి అసలు పరీక్ష నిధులు ఆగిపోయాక, మరో కరవు వచ్చినప్పుడే. అప్పటికీ రైతు నీటిమట్టం కొలుస్తూ, దాన్నిబట్టే పంట ఎంచుకుంటుంటే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కినట్లు.

ఆలోచించండి: మీ ఊరిలో ముగిసిపోయిన ఒక పథకాన్ని ఈ పరీక్షకు పెట్టి చూడండి.