గోడ లేని కోటలో డబ్బు జాడలు

ముంబై ఫోర్ట్ ప్రాంతంలో పాత ఆర్థిక వీధుల్ని నడిపించి చూపే గైడ్లలో చెయ్యి తిరిగినవాళ్ళు కథను బ్యాంకు దగ్గర మొదలుపెట్టరు, షేర్ మార్కెట్ దగ్గరా మొదలుపెట్టరు. హార్నిమన్ సర్కిల్‌కు ఎదురుగా ఉన్న టౌన్ హాల్ ముప్పై మెట్లూ ఎక్కిస్తారు. పైన స్తంభాల నీడలో నిలబెట్టి, వెనక్కి తిరగమంటారు. 1833లో పూర్తయిన ఆ భవనంలో ఇప్పుడు ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయం ఉంది. చాలామంది లోపలికి వెళ్ళాలని ఉబలాటపడతారు. గైడుకు కావలసింది మాత్రం ఆ మెట్ల ఎత్తు. అక్కడి నుంచి గుండ్రటి తోట, దాని చుట్టూ వంపు తిరిగి, ఒకే ఎత్తులో బారులు తీరిన కమానుల భవనాలు ఒక్క చూపులో అందుతాయి.

అప్పుడు మొదటి పని చెబుతారు: ఇవన్నీ చెరిపేయండి.

తోట లేదు, భవనాలు లేవు. ఉన్నదల్లా బాంబే గ్రీన్ అనే పెద్ద మైదానం. దాని మీద కొండల్లా పత్తి బేళ్ళు, వాటి మధ్య ఎడ్లబళ్ళు, తూకాలు, అరుపులు. ఒక పక్క చర్చి, మరో పక్క కోట గోడ, గోడ దాటితే రేవు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ చోటు ఇలా ఉండేది. ఈ నడకలో గైడు నేర్పంతా ఇక్కడే తెలుస్తుంది. ఉన్న భవనాన్ని చూపించడానికి మ్యాపు చాలు. లేనిదాన్ని నిలబెట్టి చూపించడానికే మనిషి కావాలి. డబ్బు చరిత్రలో ముఖ్యమైనవన్నీ కంటికి కనిపించకుండా పోయినవే. గోడ పోయింది, కూలిన కంపెనీలకు బోర్డులు కూడా మిగల్లేదు.

పేరు కోటే గాని ఫోర్ట్‌కు కోట గోడ లేదు. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ చార్లెస్ బూన్ కాలంలో, 1716 ప్రాంతంలో, ఊరి చుట్టూ గోడ లేచింది. దానికి అపోలో గేటు, చర్చి గేటు, బజార్ గేటు అని మూడు ద్వారాలు. 1860ల్లో గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ ఆ గోడను కొట్టించేశాడు. 1864లో కట్టిన ఫ్లోరా ఫౌంటెన్ చర్చి గేటు ఉన్న చోటే నిలబడింది. అంచేత ఫౌంటెన్ దగ్గరికి రాగానే గైడు ఒక ఊహా గీత గీసి, ‘‘ఇటు అడుగేస్తే ఊళ్ళో ఉన్నట్టు, అటు అడుగేస్తే ఊరి బయట’’ అంటే చాలు, నేల మీద లేని గోడ నడిచేవాళ్ళ బుర్రలో లేస్తుంది.

కాలినడక వల్లే తెలిసే సంగతి మరొకటి ఉంది. ఈ నడక మొత్తం మహా అయితే రెండు కిలోమీటర్లు. రేవు నుంచి పత్తి మైదానానికి, అక్కడి నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి దలాల్ స్ట్రీట్‌కు ఎక్కడి నుంచి ఎక్కడికైనా పది నిమిషాల దూరం. టెలిఫోను లేని కాలంలో ఓడ ఏం వార్త తెచ్చిందో ముందు తెలిసినవాడిదే లాభం. ఆ వార్త మనిషి కాళ్ళ మీదే ప్రయాణం చేసేది. అందుకే డబ్బు మనుషులందరూ ఒకరి మీద ఒకరు పడేటంత దగ్గరగా ఆఫీసులు పెట్టుకున్నారు. ఈ ముక్క పుస్తకంలో చదివితే తలకెక్కుతుందేమో గాని, చెమట పట్టేలా ఆ దూరం నడిచిన వాళ్ళు ఇక మరిచిపోరు. ఏసీ బస్సులో తిరిగేవాళ్ళకు ఇది దొరకదు.

మళ్ళీ మెట్ల మీదికి వద్దాం, అసలు కథ అక్కడే ఉంది గనక. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించింది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. వాళ్ళ చూపు బొంబాయి మీద పడింది. పత్తి ధర చుక్కలనంటింది, ఊళ్ళోకి డబ్బు వరదై వచ్చింది. వచ్చిన డబ్బు ఊరికే కూర్చోదు కదా. రోజుకో బ్యాంకు, పూటకో కంపెనీ పుట్టుకొచ్చాయి. అన్నిటికన్నా మోజు సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ మీద. దాని 5 వేల రూపాయల షేరు 50 వేల దాకా పలికింది. ఆ ఆటకు సూత్రధారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే గుజరాతీ జైన వ్యాపారి. ఫలానా కంపెనీలో ఆయనకు వాటా ఉందంటే చాలు, షేరు పైకి లేచేది. ప్రభుత్వానికీ వాటా ఉన్న బ్యాంక్ ఆఫ్ బాంబే షేర్లనే తాకట్టు పెట్టుకుని అప్పులిస్తూ పోయింది.

1865 ఏప్రిల్‌లో అమెరికాలో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. యుద్ధం ముగిసిందన్న వార్త బొంబాయి చేరింది. పత్తి ధర కూలింది. జూలై 1న తీర్చాల్సిన వాయిదా బేరాలు తీర్చే దిక్కు లేక వ్యాపారులు వరసగా దివాలా తీశారు. రిక్లమేషన్ కంపెనీ మునిగింది. 1840లో పుట్టిన బ్యాంక్ ఆఫ్ బాంబే 1868లో మూతపడింది. అదే ఏడు కొత్త బ్యాంక్ ఆఫ్ బాంబే అని మరొకటి తెరిచారు. ఇది 1921లో కలకత్తా, మద్రాసు బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది, 1955లో స్టేట్ బ్యాంకుగా మారింది. అంటే ఊరూరా పాస్‌బుక్కులిచ్చే స్టేట్ బ్యాంకు వంశవృక్షంలో ఒక వేరు ఈ పతనం దాకా పోతుంది.

ఈ కథ చెప్పేటప్పుడు చెయ్యి తిరిగిన గైడు అంకెలు కుమ్మరించడు. ఒకే ఒక్క షేరును పట్టుకుంటాడు. గుంపులో ఒకరి చేతికి కాగితం ముక్క ఇచ్చి ఇది 5 వేల షేరు అంటాడు. నాలుగడుగులు నడిపించి ఇప్పుడు 20 వేలు, ఇంకో నాలుగడుగులకు 50 వేలు, అమ్ముతారా అని అడుగుతాడు. అమ్మనన్నవాళ్ళు చర్చి గుమ్మం చేరేసరికి చేతిలో చిత్తు కాగితం మిగులుతుంది. చిన్నపిల్లల ఆటలా ఉన్నా, సట్టా జ్వరం ఎలా అంటుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఇప్పుడున్న సర్కిల్ కూడా ఆ డబ్బు వరద కాలానిదే. పోలీసు కమిషనర్ చార్లెస్ ఫోర్జెట్ పాడుబడిన మైదానాన్ని తోటగా, చుట్టూ ఒకే తీరు భవనాలుగా మార్చాలని పట్టుబట్టాడు. 1872 నాటికి ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్ తయారైంది. స్వాతంత్ర్యం వచ్చాక దానికి బి.జి. హార్నిమన్ పేరు పెట్టారు. ఆయన బాంబే క్రానికల్ పత్రిక సంపాదకుడైన ఆంగ్లేయుడు. తనను తూర్పారబట్టినందుకు 1919లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని దేశం నుంచి పంపించేసింది. ఇక్కడి ఎల్ఫిన్‌స్టన్ బిల్డింగ్‌లోనే 2012లో స్టార్‌బక్స్ మన దేశంలో తొలి దుకాణం తెరిచింది. కుర్రకారు ఫొటోలు ఎక్కువగా అక్కడే తీసుకుంటారు, తప్పులేదు.

సర్కిల్ పక్కనే సెయింట్ థామస్ చర్చి. 1670ల్లో గవర్నర్ జెరాల్డ్ ఆంజియర్ హయాంలో తలపెట్టిన కట్టడం మొండిగోడలతో దశాబ్దాల పాటు ఆగిపోయి, చివరకు 1718 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఊరి మైలురాళ్ళ మీద దూరాలు దీని నుంచే లెక్కగట్టారు. ఇక్కడ చేయవలసింది నోరు మూసుకుని చలువరాతి ఫలకాల మీది వయసులు చదవడం. ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం వచ్చి ఇరవైల్లో, ముప్పైల్లో పోయినవాళ్ళు వరసగా కనిపిస్తారు. చర్చి బయటి ఫౌంటెన్‌కు డబ్బిచ్చింది కావస్జీ జహంగీర్ రెడీమనీ అనే పార్సీ. అడిగిన వెంటనే రొక్కం సర్దే కుటుంబం కాబట్టి ఇంటిపేరే అలా స్థిరపడింది.

అసలు ఏ డబ్బు అది? ఈ ప్రశ్న దగ్గర గైడ్లు రెండు రకాలుగా తేలిపోతారు. పత్తి గురించి అందరూ చెబుతారు, నల్లమందు గురించి కొందరే చెబుతారు. మాళ్వా నల్లమందు బొంబాయి రేవు మీదుగా చైనాకు పోయేది. ఆస్పత్రులకూ కళాశాలలకూ ఉదారంగా విరాళాలిచ్చి బారోనెట్ బిరుదు పొందిన తొలి భారతీయుడు జంషెట్జీ జీజీభాయ్ సంపాదనలో ఆ వ్యాపారం వాటా పెద్దది. దాతృత్వమూ నిజమే, నల్లమందూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచే నడకకు టిక్కెట్టు కొనడం దండగ.

కట్టుకథల సంగతీ అంతే. కోట అంచున విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రాజాబాయి టవర్‌కు పెట్టింది ప్రేమ్‌చంద్ తల్లి పేరు. ఆమెకు చూపు లేదని, జైన నియమం ప్రకారం పొద్దుగుంకక ముందే భోంచేయడానికి గంటల మోత సాయపడేదని చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కాగితాల మీద ఉన్నది వేరు: ప్రేమ్‌చంద్ విశ్వవిద్యాలయానికి విరాళం ప్రకటించింది 1864లో, అంటే పతనానికి ముందు; టవర్ పూర్తయింది 1878లో; దాని నమూనా గీసిన గిల్బర్ట్ స్కాట్ ఈ దేశంలో అడుగే పెట్టలేదు. నమ్మదగిన గైడు తల్లి కథను ‘‘అంటారు’’ అని ముగించి, విరాళం కథను తేదీతో చెబుతాడు. మాటలోని ఆ తేడా పట్టుకోవడం వినేవాళ్ళ పని.

దలాల్ స్ట్రీట్ ఎంత ఇరుకో చూసినవాళ్ళు మొదట నిరాశపడతారు. 1850ల్లో టౌన్ హాల్ ఎదుటి మర్రిచెట్ల కింద అయిదారుగురు దళారులు చేరి బేరాలాడేవాళ్ళు. గుంపు పెరిగేకొద్దీ చెట్టు మారుస్తూ, చోటు మారుస్తూ 1874లో ఈ సందు చేరారు. మరుసటి ఏడు సంఘం పెట్టుకున్నారు. సభ్యులు 318 మంది, ప్రవేశ రుసుము ఒక్క రూపాయి. అదే నేటి బాంబే స్టాక్ ఎక్స్‌చేంజ్. 1995లో కంప్యూటర్ తెరలు వచ్చేదాకా బేరాలన్నీ నోటితోనూ చేతి సైగలతోనూ నడిచాయి. ఇప్పుడున్న ఫిరోజ్ జీజీభాయ్ టవర్స్ లోపలికి మామూలు సందర్శకులను పోనివ్వరు. 1993 మార్చి 12 నాటి వరస పేలుళ్ళలో మొదటిది ఇక్కడే జరిగింది మరి. బయట నిలబడి తలెత్తి చూసి, పక్క సందులో చాయ్ తాగి కదలాలి.

తలెత్తడం కూడా ఒక విద్యే. ఫోర్ట్‌లో కింది అంతస్తుల్ని జిరాక్స్ షాపులు, సెల్‌ఫోన్ కవర్ల బండ్లు కమ్మేశాయి. పాతదనమంతా మొదటి అంతస్తు పైనే మిగిలింది. మహాత్మాగాంధీ రోడ్డులో 1930ల నాటి న్యూ ఇండియా అష్యూరెన్స్ భవనం ముఖం మీద పల్లె జనం, చేతివృత్తుల వాళ్ళు నిలువెత్తు శిల్పాలై కనిపిస్తారు. బీమా కంపెనీ తన గోడ మీద పాలసీలు అమ్మేవాళ్ళను కాక కష్టపడేవాళ్ళను చెక్కించుకోవడం ఆ కాలపు స్వదేశీ అభిమానం.

రిజర్వు బ్యాంకు దగ్గర కెమెరా లోపల పెట్టేసి, జేబులోంచి నోటు తీయాలి. 1935లో కలకత్తా కేంద్రంగా మొదలైన ఈ బ్యాంకు 1937లో ఇక్కడికి వచ్చింది. 2003 నుంచి 2013 దాకా పదేళ్ళు వరసగా దీని గవర్నర్లు ఇద్దరూ తెలుగువాళ్ళే: వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు. అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలిన 2008 సెప్టెంబరులోనే ఒకరి నుంచి మరొకరికి పగ్గాలు మారాయి. పాత నోటు ఉంటే సంతకం చూసుకోవచ్చు.

తెలుగువాళ్ళ జాడ ఇంకొకటి ఉంది, దానికి సంతకం లేదు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి వలస వచ్చి ఈ నగరం కట్టుబడి పనుల్లో రాళ్ళూ మట్టీ మోసిన వాళ్ళను కామాఠీలన్నారు. కామాఠీపురా పేరు వాళ్ళదే. ఎవరు నమూనా గీశారో, ఎవరు డబ్బిచ్చారో చెప్పే ఫలకాలు ఫోర్ట్‌లో అడుగడుగునా ఉన్నాయి. మోసినవాళ్ళ ఊసు వాటిలో వెతికినా కనిపించదు. ఆ ఖాళీని పూరించగలిగింది గైడు నోరొక్కటే.

ఈ నడకలు ఎక్కువగా ఆదివారం ఉదయం పెడతారు. రోడ్లు ఖాళీ, ఫొటోలు శుభ్రంగా వస్తాయి. కానీ గుమాస్తాలు, ఫైళ్ళు, టిఫిన్ డబ్బాలు లేని డబ్బు వీధి సగం వీధే. వీలున్నవాళ్ళు పనిరోజునే వెళ్ళాలి, కాస్త తోపులాట ఉన్నా సరే. నడక అయ్యాక బల్లార్డ్ ఎస్టేట్‌లో ఇరానీ హోటల్ అన్నం తింటే అలసట తీరుతుంది.

ఇలాంటి చరిత్ర ఉన్నది ఒక్క ముంబైకే కాదు. హైదరాబాద్ కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ నీడన 1814లో పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ వెలిసింది. నిజాం సర్కారుకు భారీ వడ్డీకి అప్పులిచ్చి 1824లో దివాలా తీసింది. ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కార్ల మీద ఈస్టిండియా కంపెనీ ఏటేటా నిజాంకు కట్టాల్సిన పేష్కష్‌ను ఒకేసారి మొత్తంగా లెక్కగట్టి రాయించేశారు. ఆ తర్వాత మరో బాకీ కింద 1853లో నిజాం బేరార్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ బేరార్ పత్తే అమెరికా యుద్ధకాలంలో బొంబాయికి తరలింది. కోఠి బ్యాంక్ స్ట్రీట్ నుంచి గన్‌ఫౌండ్రీ దాకా నడిస్తే పామర్ అప్పు నుంచి 1941లో పుట్టి 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయిన హైదరాబాద్ బ్యాంకు దాకా ఒకే దారిలో చెప్పుకోవచ్చు. చార్మినార్, గోల్కొండ చూపించే నడకలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. చరిత్ర చదువుకున్న కుర్రాళ్ళెవరైనా పూనుకుని, ఒక పనిరోజు ఉదయం రెసిడెన్సీ మెట్ల దగ్గర మొదలయ్యే ఈ నడక కూడా కట్టాలి.