ఏటికొప్పాక లేతు గది

ఏటికొప్పాక కుంకుమ భరిణె చేతికొస్తే నేను ముందు మూత తిప్పి చూస్తాను. మెత్తగా తిరగాలి, లాగితే ‘టప్’మని ఊడాలి, మళ్ళీ పెడితే అతుకు కనిపించకూడదు. స్క్రూ లేదు, జిగురు లేదు. ఉత్త ఉలి పనితనం!

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉందా ఊరు. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారట. ఇప్పుడు మోటారు లేతులు. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలదీ అదే అంకుడు కర్ర, అదే లక్క. కాదనను. అయినా నా ఓటు ఏటికొప్పాకకే.

ఒక పెద్ద మేస్త్రీ గారి ఇంటి వెనక గదిలో ఓ పూటంతా కూర్చున్నాను. చిన్న గదే, కానీ ఎంత పొందికో! లేతు కిటికీ వారగా ఉంది, వెలుతురు ఎడమ నుంచి నేరుగా ఉలి మొన మీద పడుతుంది. ఉలులు కుడిచేతి దగ్గర, లక్క కడ్డీలు కూర్చున్నచోటి నుంచే అందేలా. ఆరిన కర్ర నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చి ఉంది. లక్కలో రంగు కలిపే కుంపటి మాత్రం బయట వసారాలో, పొట్టుకు దూరంగా.

“ముందు మూత తొలిచెయ్యాలి బాబూ. తర్వాత దానికి తగ్గట్టు భరిణె అంచు దించాలి,” అన్నారాయన. రెండూ ఒకే కర్ర ముక్కలోంచి. ఆ తర్వాత తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికే లక్క కరిగి, తెల్లటి కర్ర మీద పసుపు పొర పరుచుకుంది. మొగలి ఆకు మడిచి ఒత్తేసరికి అద్దంలా మెరిసింది. నిమిషం పట్టలేదు. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఆ గదిలో నాకు బాగా నచ్చింది వైరింగు. మోటారుకు ఒక లైను, దీపాలకు ఇంకో లైను. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. రెండూ ఒకే లైనైతే, ఎంసీబీ పడగానే గదంతా చీకటి. చేతిలో ఉలి, ఎదురుగా ఇంకా ఆగని కర్ర! అందుకే మోటారుకు విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల పాయింటు, మంచి ఎర్తింగు ఉండాలి. షాకు తగిలితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారును దానంతటదే తిరగనివ్వని స్టార్టరు మన ఊళ్ళలో తప్పనిసరి. దీపం విషయంలోనూ జాగ్రత్త పడాలి. పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మోటారు వేగం దానికి సరిపడితే తిరిగే కర్ర ఆగినట్టే కనిపిస్తుంది, చెయ్యి పెట్టేస్తాం.

ఇక రంగుల సంగతి. రసాయన రంగులు ఊరిని కమ్మేసిన రోజుల్లో సి.వి. రాజు గారు మళ్ళీ సహజ రంగుల దారి పట్టించారు. పసుపు, నీలి, జాఫ్రా, కరక్కాయ! పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మలు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర వేడుకల్లో మన ఆంధ్రప్రదేశ్ శకటం మీద అవి ఊరేగుతుంటే నా కళ్ళు చెమర్చాయి.

అదే ఏడాది నగరంలోని ఓ దుకాణంలో చవక రసాయన రంగు పూసిన బొమ్మను ‘అసలు ఏటికొప్పాక’ అంటూ నాకు అంటగట్టారు. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు గుడ్డకంటింది. ఇది మోసం కాదా? పిల్లల నోటికి విషం అందించడం కాదా? బేరమాడి పాతిక రూపాయలు మిగిలాయని మురిసేవాళ్ళు ఆ గుడ్డ ఒక్కసారి చూడాలి.

ప్రదర్శనల్లో స్టాళ్ళిస్తున్నారు, శాలువాలు కప్పుతున్నారు. సంతోషమే. కానీ పనివాడి ఇంట్లో రెండు లైన్ల వైరింగు, ఒక స్టార్టరు, కిటికీ పక్కన పది అడుగుల చోటు ఎవరిస్తారు? ఊరి చుట్టుపక్కల అంకుడు మొక్కలు ఎవరు నాటుతారు? ఏలినవారికి చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను, ఈ ఏటి శాలువాల ఖర్చుతో ముందు కొన్ని గదులకైనా వైరింగు చేయించండి.