బాపట్ల ఇసుకలో ట్రాలీ జాకీ

బాపట్లలో ఉండే మా బావమరిది ఈ వారం ట్రాలీ జాకీ కొన్నాడు. కొని ఊరుకోకుండా వీడియో తీసి పంపాడు. ఇంటి వెనక ఇసుక నేల, దాని మీద కారు, ముందు చక్రాలు రెండూ గాల్లో, బరువంతా రెండు వైపులా పేర్చిన బోలు సిమెంటు ఇటుకల మీద. "ఇక ఇంజనాయిలు నేనే మార్చుకుంటా బావా, షెడ్డువాడికి కూలి దండగ" అని వెనకనుంచి గొంతు. వెంటనే ఫోను చేసి ముందు బండి దించమన్నాను. దించాడు గానీ అలిగాడు. ఎవరి పని వాళ్లు చేసుకోండని వారం వారం పేపర్లో రాసేది మీరే కదా అన్నాడు.

రాస్తాను, నిజమే. కుళాయి వాషరు, సైకిలు పంక్చరు, మిక్సీ కార్బన్లు... ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గోల తెలిసిందే. స్టెప్నీలో గాలి చూసుకోండని నేను రాసినప్పుడల్లా ఎడిటరు గారు "మళ్లీనా" అంటారు. అయితే కుళాయి చెడితే నీళ్లు పోతాయి, అంతే. కారు మీద పడితే మనిషి మిగలడు. ఎంత చిన్న కారైనా ఆరేడు వందల కిలోలు తూగుతుంది.

జాకీ ఎత్తడానికి పనికొస్తుంది, మోస్తూ కూర్చోడానికి పనికిరాదు. కారుతో పాటు డిక్కీలో ఇచ్చే సీజర్ జాకీ టైరు మార్చేంత సేపటికే. బండి దాని మీద ఉండగా కిందకు దూరవద్దని కంపెనీవాళ్లు ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది, ఆ పుస్తకం కవరు విప్పినవాళ్లు ఎవరైనా ఉంటే. హైడ్రాలిక్ జాకీలో బరువును నిలిపేది నూనె, ఆ నూనెను ఆపేది చిన్న సీలు. సీలు అరిగితే బండి మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్క ఉదుటున పడుతుంది. అందుకే ఎత్తగానే ఇనప స్టాండులు పెట్టి బరువు వాటి మీదకు దించాలి. సిమెంటు ఇటుకలతో ఆ పని కాదు. గోడలో ఇటుక మీద బరువు ఒద్దికగా పరుచుకుని ఉంటుంది. తలుపు కింది రేకు అంచు మాత్రం ఒక్క గీత మీద మోపుతుంది, లోపలేమో బోలు. చెక్క విరిగే ముందు చిటపటలాడి చెబుతుంది. సిమెంటు ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది.

ఫోన్లో చూసే వీడియోలన్నీ కాంక్రీటు గచ్చు మీద తీసినవి. మన పక్క నేల సంగతి వాటిలో దొరకదు. కారును ఒక వైపు లేపుతుంటే అది నేల మీదున్న చక్రాలను ఆధారం చేసుకుని పైకి తిరుగుతుంది, అంటే జాకీ ఆనిన చోటు కూడా కొద్దిగా పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటుకు తగ్గట్టు తానూ దొర్లడానికే ట్రాలీ జాకీకి చక్రాలు పెట్టారు. బాపట్ల ఇసుకలో ఆ చక్రాలు కూరుకుపోతాయి. జాకీ కదలదు, కారు కదులుతుంది, జాకీ తల పట్టు తప్పుతుంది. పైగా సూర్యలంక సముద్రపు గాలికి తలుపు కింది అంచులు తుప్పు పట్టి ఉంటాయి, అలాంటి చోట జాకీ పెడితే రేకులోకి దిగబడుతుంది.

రేపల్లె నల్లరేగడి ఇంకో రకం. ఎండాకాలం రాయిలా ఉంటుంది. నాలుగు వానలు పడ్డాక 216 నంబరు జాతీయ రహదారి అంచున, పెనుమూడి వంతెన దగ్గర్లో టైరు పోయిందనుకోండి. మీరు హ్యాండిలు తిప్పుతూనే ఉంటారు, కారు లేవదు, జాకీ బురదలోకి దిగుతుంది. రెండు చోట్లా మందు ఒకటే. అడుగు చదరం మందపాటి ప్లైవుడ్డు ముక్క డిక్కీలో పడేసుకోండి, టైరు మార్చేటప్పుడు జాకీ కింద వేయండి. ఇంట్లో ట్రాలీ జాకీ వాడేవాళ్లకు అది దొర్లేంత పెద్ద షీటు కావాలి, స్టాండుల కింద కూడా ముక్కలు వేయాలి.

మా తెనాలిలో సిమెంటు రోడ్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మురుగు కాలవల కేసి వాలుగా. మన కార్లలో చాలావాటికి హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక రెండూ లేపితే అది వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. గేర్లో పెట్టాం కదా అనే ధీమా కూడా చెల్లదు. ముందు చక్రాలు లాగే బండిలో ముందొక చక్రం గాల్లోకి లేచిందంటే గేరు పట్టు వదిలేసినట్టే. గాల్లోది ఖాళీగా తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లుతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పడాల్సిందే. నట్లు కూడా బండి ఎత్తకముందే కాస్త వదులు చేసుకోవాలి, గాల్లో ఉన్నదాన్ని ఊపకూడదు.

జాకీ అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది కారు దగ్గర కాదు, ఇంటి దగ్గర. రోడ్డు మీద రోడ్డు వేసి, వేసి, పాత ఇళ్లు వీధికన్నా పల్లమైపోయాయి. వానొస్తే నీళ్లు నట్టింట్లోకి. మా తెనాలిలో అలాంటి ఇంటినొకదాన్ని లేపుతుంటే రోజూ సాయంత్రం వెళ్లి నిలబడేవాణ్ణి. ఉత్తరాది కూలీలు. పునాది దగ్గర గోడను కొంచెం కొంచెంగా తొలిచి, ఇనప ఛానళ్లు దూర్చి, వాటి కింద వరసగా స్క్రూ జాకీలు నిలబెట్టారు. మేస్త్రీ ఈల వేస్తే అందరూ ఒకేసారి, ఒకే మేర తిప్పాలి. ఎవడూ హుషారు చూపించడానికి లేదు. ఇల్లు లేచిన మేరకు జాకీకి జాకీకి మధ్య ఇటుక కట్టు కట్టేస్తున్నారు. ఆ కట్టు గట్టిపడ్డాక ఒక్కో జాకీ తీసి ఆ సందు కూడా పూడ్చారు. అన్ని జాకీలుండి కూడా ఇంటి బరువును వాటి మీద వదిలేసే ధైర్యం ఆ మేస్త్రీ చేయలేదు. పిల్లర్ల ఇంటికి ఈ పని ఇంకా గడ్డు. 2023 ఆగస్టులో హైదరాబాద్ చింతల్‌లో జాకీలతో ఎత్తుతున్న భవనం పక్కకు ఒరిగితే చివరికి దాన్ని కూల్చేశారు.

స్టాండులు కొన్నంత మాత్రాన అయిపోయిందనుకోకండి. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే సంస్థ 2020లో 17 లక్షలకు పైగా స్టాండులను వెనక్కి పిలిచింది, బరువు మీదుండగా పళ్లు జారి కిందకు దిగిపోవచ్చని. వాటికి బదులిచ్చిన స్టాండుల్లో కొన్నిటికి వెల్డింగు బాగాలేదని మళ్లీ పిలిచింది. అడ్డంగా పిన్ను దూర్చే రకం కొనుక్కోండి. విప్పిన చక్రాన్ని తలుపు అంచు కింద పడుకోబెట్టండి. దూరే ముందు బండిని భుజంతో గట్టిగా నెట్టి చూడండి. పడేదుంటే అప్పుడే పడాలి.

ఇవన్నీ ఫోన్లో చెప్పి, చివర్న "ఎందుకురా నీకు, షెడ్డులో ఇచ్చెయ్" అన్నాను. ఈ వారం కాలమ్ కూడా అక్కడే ముగిద్దామనుకున్నాను. వాడు ఊరుకోలేదు. "షెడ్డులో స్టాండులున్నాయా బావా?" అన్నాడు.

లేవు. పెద్ద సర్వీసు సెంటర్లలో లిఫ్టులున్నాయి, వాటికి తాళాలున్నాయి. రోడ్డు పక్క షెడ్డులో ఉండేది ఒక బాటిల్ జాకీ, నూనె కారుతున్నది. పక్కన ఒక స్టెప్నీయో, చెక్క మొద్దో. బండి కింద అట్టముక్క పరుచుకుని దూరేది ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. మా బావమరిది ఏడాదికి ఒకటి రెండుసార్లు దూరితే గొప్ప. ఆ కుర్రాడు రోజూ, ఒక బండి తర్వాత ఒకటి, దూరుతూనే ఉంటాడు. పని తెలిసినవాడికి అప్పజెప్పాం అని మనం హాయిగా టీ తాగుతున్నాం గానీ, అప్పజెప్పింది పనితో పాటు అపాయాన్ని కూడా. కాబట్టి బావమరిది మీద నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను. ప్లైవుడ్డు షీటు, పిన్ను స్టాండులు, అడ్డుచెక్కలు సమకూర్చుకుని ఆయిలు వాణ్ణే మార్చుకోమన్నాను. ఇసుకలో మాత్రం వద్దు, వీధి గుమ్మం ముందు గచ్చుంది.

దసరా వస్తోంది. ఆయుధపూజనాడు షెడ్డులో జాకీకి పసుపు, కుంకుమ, బంతిపూలు పెడతారు, మనం వెళ్లి మెకానిక్కు మామూలు ఇచ్చి వస్తాం. ఈసారి ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి, వీధిలో కార్లున్న నలుగురైదుగురు చేతులు కలిపి, ఆ షెడ్డుకు నాలుగు స్టాండులు కొనివ్వండి. ఇచ్చాక, మీ బండి వాటి మీద నిలిపితేనే కిందకు దూరమని కుర్రాడికి గట్టిగా చెప్పండి.